ఈ ఏటి రంగు

రంగు దిగాలంటే ఓపిక ఉండాలి. నీలం చాక్లెట్ బిళ్ళను సీసా మూతలో వేసి, మీద కాసిని వేడినీళ్ళు చిలకరించి, పైపొర కరుగుతుండగానే బిళ్ళను బయటికి తీసేయాలి. కాస్త ఆలస్యమైందా, లోపలి చాక్లెట్ కూడా కరిగి, నీలం కాస్తా మురుగునీళ్ళలా తయారవుతుంది. రొవీనా ఊపిరి బిగబట్టి, బిళ్ళను గోటితో పైకి లేపి నోట్లో వేసుకుంది. రంగు కార్డుకి, తీపి తనకి. అందులో ఆమెకు మొహమాటం లేదు.

ఆడవాళ్ళ జైల్లో ఆ హాలు మధ్యనున్న ఇనుప బల్ల ఫిబ్రవరి వచ్చిందంటే రొవీనాదే. బూడిదరంగు చొక్కాలు, బూడిదరంగు ప్యాంట్లు వేసుకున్న ఆడవాళ్ళు చుట్టూ మూగి, ఆమె చేతుల్నే చూస్తూ నిలబడతారు. కత్తెర ఇవ్వరు కాబట్టి కాగితాన్ని మడిచి, మడత మీద తడి వేలు నడిపించి, మెల్లగా చింపుతుంది. అంచు దూదిలా విచ్చుకుంటుంది. జిగురు ఇవ్వరు కాబట్టి ఉడికిన నూడుల్స్ మెదిపి జిగురు చేస్తుంది. కుంచె కావాలంటే జుట్టులోంచి నాలుగు వెంట్రుకలు తెంపి, తువ్వాలు దారంతో పెన్సిల్ ముక్కకి కట్టుకుంటుంది. లేనిదల్లా ఎరుపొక్కటే. ఎర్ర పెన్సిల్‌ని ముఠాల గుర్తని చెప్పి, క్యాంటీన్‌కు వచ్చే పెట్టెల్లోంచి ముందే ఏరేస్తారు. స్ట్రాబెరీ షర్బత్ పొడి కలిపి చూస్తే ఆరాక దెబ్బ మానినచోటి చర్మంలా ఉంటుంది. దాన్ని ఎవరు ఎవరికి పంపుతారు? అందుకని రొవీనా చేసే వాలెంటైన్ కార్డుల్లో గుండెలు కాఫీ రంగువి, నీలానివి, నిమ్మపొడి ఆకుపచ్చవి, ద్రాక్షపొడి ఊదావి.

"ఇది గుండెకాయా, వంకాయా?" అంది మిస్ ఒడెస్సా, ఆరబెట్టిన కార్డొకటి ఎత్తి పట్టుకుని. ఆ హాల్లో అందరికంటే పెద్దావిడ ఆమె. ఆఫీసర్లు కూడా మిస్ ఒడెస్సా అనే పిలుస్తారు.

"ద్రాక్షపొడి అంతే మిస్ ఒడెస్సా. నచ్చకపోతే కాఫీ రంగుది తీసుకోండి."

"కాఫీ రంగుది పంపితే మా చెల్లెలు నేను పోయాననుకుని చర్చిలో ప్రార్థన పెట్టిస్తుంది. వంకాయే ఇవ్వు. దానికి వంకాయ వేపుడంటే ఇష్టం."

అందరూ నవ్వారు. షెల్బీ మాత్రం నవ్వలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల, కొత్తగా వచ్చింది, ఇంకా మెడ వంచుకునే నడుస్తోంది. "అక్కా, మా కోల్టన్‌కి నారింజ రంగు ఇష్టం," అంది. "వాడికి మూడేళ్ళు. దొరుకుతుందా?"

"పసుపులో స్ట్రాబెరీ కలిపితే దొరకదా ఏం? కూచో," అంది రొవీనా.

అందరికీ చేస్తూనే తన కూతురికి పంపే కార్డు మాత్రం ఎవరి కంటా పడకుండా దుప్పటి కింద చేసుకుంది. దానికో పద్ధతి ఉంది. మొదటి ఏడు ఏ రంగూ దొరక్క కాఫీతో గుండె వేసి పంపితే, కూతురు జూనీ బడిలో పిల్లలంతా ఎర్ర గుండెలు చేస్తుంటే తను మట్టిరంగు గుండె చేసి తల్లికి పంపింది. అప్పట్నుంచీ ఏడాదికో రంగు. తను పంపే కార్డుకి రంగు ఎంచేది జూనీ. కార్డు విప్పేదాకా ఏ రంగో చెప్పకూడదు, అడగకూడదు. జూనీ పంపిన కాఫీ రంగు, నీలం, ఆకుపచ్చ, ఊదా కార్డులన్నీ రొవీనా పెట్టెలో ఉన్నాయి. ఎప్పుడైనా తీసి వాసన చూసుకుంటుంది. వాటిలో ఇంకా తన తల్లి వంటింటి పొగ వాసన, వేయించిన పంది మాంసం వాసన ఉన్నాయి. ఉన్నాయని ఆమె నమ్మకం.

నోటీసు అంటించింది ఆ మధ్యాహ్నమే. బట్టలుతికే వేళల కాగితం పక్కన ఆఫీసర్ గార్ల్యాండ్ టేపుతో అతికించి, ఎవరి మొహమూ చూడకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు. మిస్ ఒడెస్సాకు చూపు ఆనదు కాబట్టి రొవీనా పైకి చదివింది. ఇకమీదట ఉత్తరాలు నేరుగా ఇక్కడికి రావు. వేరే రాష్ట్రంలో ఒక కంపెనీకి వెళ్తాయి. అక్కడ వాటికి నకలు తీస్తారు. నకలు మాత్రమే ఖైదీలకు అందుతుంది. అసలు కాగితాలు నాశనం చేయబడతాయి.

చదవడం అయిపోయింది. రొవీనా ఆఖరి వాక్యం మళ్ళీ చదివింది, ఎక్కడో తప్పు చదివానేమోనని. తప్పేం లేదు.

"నాశనమంటే?" అంది షెల్బీ.

"అంటే ఏమిటి, చించేస్తారు," అన్నాడు గార్ల్యాండ్. చెడ్డవాడు కాదు. అతనికీ చెప్పబుద్ధి కావడం లేదని మొహమే చెబుతోంది. "కాగితాలకు మత్తుమందు పూసి పంపుతున్నారట. పైవాళ్ళ నిర్ణయం. నన్ను తిట్టుకుని లాభం లేదు."

"మా చెల్లెలికి ఎనభై దాటాయి గార్ల్యాండూ," అంది మిస్ ఒడెస్సా. "దగ్గుమందు తాగితేనే పాపమనుకునే మనిషి. కాగితానికి ఏం పూస్తుందయ్యా? వేజలీనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రొవీనా కుంచె ఎక్కడ పెట్టిందో మర్చిపోయి, అది చేతిలోనే ఉండగా బల్లంతా వెతికింది.

ఫోను కోసం వరసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి మాటలు కూడబలుక్కుంది. ఈసారి కార్డు పంపొద్దు, దాచి ఉంచమని చెప్పాలి. అంతే. కారణం చెప్పక్కర్లేదు. నువ్వు చేసిన కార్డు అమ్మ చేతికి రాదు, ఎవడో దాన్ని యంత్రంలో వేసి పీలికలు చేస్తాడని తొమ్మిదేళ్ళ పిల్లతో ఎవరైనా ఎలా చెబుతారు?

ఫోనెత్తింది తల్లి వర్నా. "బతికే ఉన్నావన్నమాట. మొన్న నేను రాసిన ఉత్తరం తిరిగొచ్చిందే. లోపల ఏదో చీటీ పెట్టారు, కొత్త అడ్రసట. నా కళ్ళద్దాలు కనపడక జూనీ చదివి పెట్టింది."

"అమ్మా, కార్డు సంగతి..."

"అదా? పోస్టులో వేసి రెండు రోజులైంది. ఇదిగో నీ కూతురు ఫోను లాగేసుకుంటోంది."

"అమ్మా, రంగు అడక్కు," అంది జూనీ, పలకరింపు కూడా లేకుండా.

"అడగనులే."

"ఈసారి నువ్వు అస్సలు కనుక్కోలేవు. సరే, ఒక్కటి చెబుతా. ఆ రంగు నీ దగ్గర బోలెడుంది."

"నా దగ్గరా?"

"చెప్పను. కార్డు వచ్చాక ఫోను చెయ్యి. రంగు నచ్చిందో లేదో చెప్పాలి."

అంతలో రికార్డు చేసిన ఆడగొంతు అడ్డొచ్చి, సమయం అయిపోయిందంది. లైను పోయింది. రొవీనా ఫోను పెట్టేసి గోడకు ఆనుకుంది. పోస్టులో వేసేశారు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. జూనీ ఫోనులో రంగు నచ్చిందా అని అడిగినప్పుడు తెల్లమొహం వేయకుండా జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే పిల్లకు సంగతి తెలిసిపోతుంది. అది తెలియకూడదు. ఆమెకు ఆ క్షణంలో ప్రపంచంలో కావలసింది అదొక్కటే.

*

కొత్త పద్ధతిలో ఉత్తరాలు రావడం మొదలైన రోజున హాల్లో ఎవరో పోయినట్టుంది. గార్ల్యాండ్ పేర్లు పిలుస్తూ తెల్లటి కాగితాలు అందించాడు. కవర్లు లేవు. నాలిక తడి తగిలిన అంచు లేదు, తపాలా బిళ్ళ లేదు. అన్నీ ఒకే కొలత కాగితాలు, అన్నింటికీ యంత్రం వాసన. మిస్ ఒడెస్సా చెల్లెలు ఉత్తరంలో ఎప్పుడూ ఒక ఎండిన పువ్వు పెట్టి పంపుతుంది. ఈసారి ఉత్తరం మధ్యలో నల్లటి మచ్చొకటి ఉంది, బొద్దింకను నొక్కేసినట్టు.

"ఇదేమిటే?" అంది మిస్ ఒడెస్సా కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని.

"పువ్వనుకుంటా," అంది రొవీనా.

ముసలావిడ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ఆ రోజు భోజనాల దాకా ఆమె నోటివెంట ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా రాలేదు. ఆ నోరు మూతపడడం చూసి రొవీనాకు నోటీసు చదివిన రోజుకంటే ఎక్కువ భయమేసింది.

షెల్బీకి వచ్చింది చేతి ముద్ర. ఇంటి దగ్గర కోల్టన్ అరచేతికి రంగు పూసి, కాగితం మీద అద్దించి పంపారు. నకల్లో ఆ చెయ్యి బొగ్గులా వచ్చింది. పైగా కాగితం యంత్రంలో వంకరగా పడ్డట్టుంది, బొటనవేలు అంచు దాటి తెగిపోయింది. షెల్బీ ఆ కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెనక్కి తిప్పి చూసింది, బొటనవేలు వెనకాల ఉంటుందేమోనన్నట్టు.

"వేలేదీ?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు. "వాడికి అయిదు వేళ్ళూ ఉన్నాయి."

ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, సాయంత్రానికి అందరూ తమ నకళ్ళు పట్టుకుని రొవీనా బల్ల చుట్టూ చేరారు. రంగులు వెయ్యమన్నారు. నీ దగ్గర రంగులున్నాయి కదా, పోయిన రంగులు పెట్టి ఇవ్వు అన్నారు. రొవీనాకూ అది న్యాయంగానే తోచింది. మూతలు వరసగా పేర్చి, షెల్బీ కాగితం ముందు పెట్టుకుంది. "ఏ రంగు పూశారట?" అని అడిగింది.

"తెలీదక్కా. నేను ఫోను చేసేసరికి వాడు నిద్రపోయాడు. మా అమ్మ పనికి పోయింది."

"నారింజ ఇష్టమన్నావు కదా."

"ఇష్టమే."

రొవీనా పసుపులో స్ట్రాబెరీ పొడి ఇంతంటే ఇంత కలిపింది. నల్లటి చెయ్యి మీద ఒక్కో వేలూ నింపుకుంటూ వచ్చింది. కాగితం పీల్చేసుకోకుండా కుంచెను దాదాపు పొడిగా పట్టింది. తెగిపోయిన బొటనవేలి దగ్గరకు వచ్చేసరికి ఆగింది. కింద ఇంకో కాగితం అతికించి, మిగతా వేళ్ళ కొలత చూసి, ఆ వేలు తనే గీసి, నింపి, గోరు కూడా పెట్టింది. చక్కగా కుదిరింది. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బ అన్నారు. తన పని చూసుకుని రొవీనాకూ ముచ్చటేసింది.

షెల్బీ కాగితం తీసుకుంది. తన అరచేతిని దాని మీద ఆనించబోయి, ఆపేసింది. "ఇది వాడి చెయ్యి కాదు," అంది.

"ఏమైంది?"

"ఇది నీ చెయ్యి అక్కా. వాడిది అడుగున ఉండిపోయింది. నాకు కనపడ్డం లేదు." గట్టిగా కూడా ఏడవలేదు ఆ పిల్ల. కాగితాన్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, తన మంచం దగ్గరకు వెళ్ళిపోయింది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళూ తమ కాగితాలు మడిచేసుకున్నారు. రొవీనా చెంపదెబ్బ తిన్నట్టు కూచుండిపోయింది. పాడు చేద్దామని చేసిందా? మంచి చెయ్యబోయింది. ఆ నల్లటి చెయ్యి ఎంత అధ్వాన్నంగా ఉన్నా, పిల్లవాడు అద్దిన చోటు అద్దినట్టు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మూతల్లో రంగులు ఎండి పెచ్చులు కట్టేదాకా ఆమె వాటిని ముట్టుకోలేదు.

*

వాలెంటైన్ రోజు ముందటి సాయంత్రం గార్ల్యాండ్ ఆమె పేరు పిలిచాడు. ఒకే కాగితం. రొవీనా దాన్ని మంచం దగ్గరకు తీసుకెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చుని చూసింది.

గుండె ఉంది. లోపలంతా సన్నటి గీతలు, ఉన్ని అల్లినట్టు ఒకదాని పక్కన ఒకటి. ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా. గుండె లోపల అమ్మమ్మ ఇంటి వసారా, మెట్లు, మెట్ల మీద చెవులు వేలాడేసుకున్న కుక్క. చుట్టూ బోలెడంత ఖాళీ వదిలింది పిల్ల, ఎక్కడా ఏదీ తెగిపోలేదు. అందరి కాగితాలూ బొగ్గు పూసినట్టు వస్తే తనది ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందో రొవీనాకు అర్థం కాలేదు. అదృష్టం అనుకుంది. కుక్క మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

రంగు మాత్రం లేదు. అన్నీ బూడిదే.

వాసన చూసింది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది, పక్కకు వంచి చూసింది. ఎక్కడైనా ఒక మూల అసలు రంగు ఛాయ తగులుతుందేమోనని కళ్ళు చికిలించింది. తగల్లేదు. రేపు ఫోను. రంగు నచ్చిందా అంటుంది. ఏ రంగని చెప్పాలి?

పెట్టెలోంచి పాత కార్డులు తీసి మంచం మీద పరిచింది. కాఫీ రంగు అయిపోయింది. నీలం, ఆకుపచ్చ, ఊదా అయిపోయాయి. జూనీ ఒక రంగు రెండోసారి ఎంచదు. ఎరుపు ఎంచనే ఎంచదు, అది బడిలో అందరూ వేసే రంగు. మరి తన దగ్గర బోలెడున్నదేమిటి? భోజనశాలలో రొట్టెల్లోకి ఇచ్చే ఆవ సాస్ పొట్లాలు రొవీనా దాచుకుంటుందని జూనీకి తెలుసు. పసుపుకి అదే వాడతానని తనే ఉత్తరంలో రాసింది. పెట్టె అడుగున గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. ఆవ పసుపు. ఇంకేముంటుంది?

అంతే అయ్యుండాలి. తేలిపోయిందనిపించాక గుండెలు కాస్త కుదుటపడ్డాయి. షెల్బీ విషయంలో తను ఊహించి వేసింది, అది తప్పు. ఇది ఊహ కాదు, పిల్ల స్వయంగా చెప్పిన గుర్తు. పైగా ఇది తన కార్డు. ఇలా తనకు తనే నచ్చజెప్పుకుంటూ పొట్లం చింపింది.

"మళ్ళీ మొదలెట్టావా?" అంది పక్క మంచం మీంచి మిస్ ఒడెస్సా.

"ఇది నాదే మిస్ ఒడెస్సా."

"నీదే. కాదన్నానా?" అంటూ ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

సాస్‌లో నీళ్ళు కలిపి, గుడ్డతో వడకట్టి, ఆ పసుపు నీళ్ళను గుండె మీద ఒక్క పొరగా పరిచింది. ఇంటి గోడలు, మెట్లు, కుక్క, కుక్క చెవులు. గీతలు చెదరకుండా ఎంత జాగ్రత్తగా వేసిందంటే ఏళ్ళుగా నేర్చిన పనంతా అందులో పెట్టింది. ఆరాక చూసుకుంటే వసారా మీద సాయంత్రపు ఎండ పడ్డట్టే ఉంది. ఇదే, జూనీ వేసింది ఇదే, అనుకుంది. అప్పటిదాకా గుండెల్లో ఉన్న రాయి దిగిపోయింది. చొక్కా చేతికి పసుపు మరక అంటింది కూడా గమనించలేదు.

*

మర్నాడు ఫోను దగ్గర కొండవీటి చాంతాడంత వరస. ఆ రోజు అందరికీ మాట్లాడాల్సినవాళ్ళు ఉన్నారు. రొవీనా కార్డును చేతిలోనే పట్టుకుని నిలబడింది, ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే తడబడకుండా ఉంటుందని. ఆమె వెనకాల షెల్బీ నిలబడింది. ఆ సాయంత్రం తరవాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"అమ్మా, వచ్చిందా?" అంది జూనీ, మొదటి గంటకే ఫోనెత్తి.

"వచ్చింది బంగారూ. నా చేతిలోనే ఉంది."

"అన్నీ ఉన్నాయా? ఏమీ తెగలేదు కదా?"

ఆ ప్రశ్న ఎందుకు వేసిందో రొవీనా ఆలోచించలేదు. "అన్నీ ఉన్నాయి. కుక్క మీసాలతో సహా."

"మరి రంగు?"

రొవీనా నవ్వు తెచ్చుకుంది. "అంత మంచి రంగు నేను కూడా తియ్యలేనే. ఇల్లంతా ఎండ కాసినట్టుంది. ఆవ పసుపు వేస్తావని నేను అస్సలు అనుకోలేదు."

లైను పోయిందేమోనని రొవీనా ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"పసుపేమిటి?" అంది జూనీ.

"అదే, నువ్వు వేసిన..."

"నేను పసుపు వెయ్యలేదే. నీ కాగితం మీద పసుపు ఉందా? ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ కంపెనీవాళ్ళు పూశారా?"

"కంపెనీ సంగతి నీకెవరు చెప్పారు?"

"అమ్మమ్మ ఉత్తరం తిరిగొచ్చినప్పుడు చీటీ చదివింది నేనే కదా. నకలు తీసి అసలుది చించేస్తారని రాశారు. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

రొవీనా గోడ మీద ఎవరో గోటితో గీసిన గీతలను చూస్తూ ఉండిపోయింది. పిల్లకు తెలియకూడదని తను కంటికి నిద్ర లేకుండా గింజుకుంది. పిల్ల దాన్ని తనకంటే ముందే చదివి, కూడబలుక్కుని, అమ్మమ్మకు వినిపించి, పైగా ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకుంది.

జూనీ మాత్రం చెప్పుకుపోతోంది. "ముందు గులాబీ రంగుది చేశా. అమ్మమ్మ లైబ్రరీకి తీసుకెళ్ళింది, అక్కడ నకలు తీసే యంత్రం ఉంది. పెట్టి చూస్తే గులాబీ ఏమీ మిగల్లేదు, ఉత్త తెల్ల కాగితం. పసుపు పెట్టి చూశా, అదీ పోయింది. ముదురు రంగులు పెడితే అన్నీ కలిసి నల్లముద్ద అయిపోయాయి. అంచులు కూడా తినేస్తుంది అది. పెన్సిలు గీతలొక్కటే వేసింది వేసినట్టు వచ్చాయి. అప్పుడు అనుకున్నా, ఈ ఏడు మన రంగు బూడిద రంగని. నీ దగ్గర బోలెడుందన్నాను కదా. నువ్వు పంపిన ఫొటోలో నీ చొక్కా, గోడ, మంచం అన్నీ అదే."

రొవీనా తల వంచి తన చొక్కా చూసుకుంది.

"బడిలో టీచరు నాకు రంగు పెన్సిళ్ళు లేవనుకుని తన డబ్బా ఇచ్చింది. వద్దన్నాను. నాకు కావాల్సింది ఇదే అన్నాను. పక్కపిల్ల, వాలెంటైన్ కార్డు ఇలా ఉంటుందా, ఎవరో చచ్చిపోయినట్టుంది అంది. మా అమ్మకు ఇది ఇలాగే అందుతుంది, నీ ఎర్రది ఎవరికీ అందదు అన్నా." కాస్త ఆగింది. "అమ్మా, మరి పసుపెలా వచ్చింది?"

అబద్ధం చెప్పేయొచ్చు. కంపెనీవాళ్ళ మీదికి తోసేయొచ్చు, వాళ్ళు చేసిన వాటికి ఇదో లెక్కా? రొవీనా చేతిలోని కాగితం వైపు చూసింది. గీతల మీద పసుపు ఆరి, అక్కడక్కడా పొట్టు లేస్తోంది. జైలూ, కంపెనీ, తపాలా దాటి చెక్కుచెదరకుండా వచ్చిన బొమ్మ అది. దాన్ని పాడుచేసింది వాళ్ళెవరూ కాదు.

"నేనే పూశానమ్మా," అంది. "రంగు పోయిందనుకున్నా. నువ్వు వేసింది పసుపై ఉంటుందనుకుని నేనే పూసేశా."

"ఎంత పూశావు?"

"మొత్తం."

"కుక్కకు కూడానా?"

"కుక్కకు కూడా."

ఫోనులో వంటింటి కుళాయి చప్పుడు, దూరంగా వర్నా ఎవరినో కసురుకోవడం వినిపించాయి. రొవీనాకు షెల్బీ మొహం కళ్ళముందు ఆడింది. ఆ పిల్ల తన వెనకాలే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉంది.

"నన్ను క్షమించు తల్లీ. ఒక్కటే వచ్చింది, దాన్నీ..."

"ఒక్కటే ఏమిటి?" అంది జూనీ. "అసలుది నా దగ్గరే ఉంది కదా."

"ఏది?"

"అసలుది. చించేస్తామని వాళ్ళే రాశాక అసలుది ఎందుకు పంపుతా? లైబ్రరీలో తీసిన నకలే పంపించా. చించుకుంటే దాన్ని చించుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి అమ్మమ్మకు చూపిస్తే ఏది అసలుదో చెప్పలేకపోయింది, తెలుసా? కళ్ళద్దాలు పెట్టుకుని కూడా."

రొవీనా చేతిలోని కాగితాన్ని గోడకు ఆనించి, పసుపు కింది గీతలను వేలితో తడిమింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా."

రికార్డు గొంతు మధ్యలో దూరి, సమయం కావస్తోందంది. జూనీ దాని మీద గొంతు పెంచింది. "శనివారం లైబ్రరీకి వెళ్తాం. ఇంకోటి తీసి పంపుతా. అమ్మా, విను. ఈసారి దాన్ని నువ్వు ముట్టుకోకు."

"ముట్టుకోను."

"కుంచె కూడా దగ్గరికి..."

లైను పోయింది.

రొవీనా ఫోను తగిలించి వెనక్కి తిరిగింది. షెల్బీ ముందుకు వచ్చి, చూపు కిందకు దించుకునే నంబరు నొక్కబోయింది. రొవీనా ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"మీ అమ్మకు చెప్పు," అంది. "కోల్టన్ చేతికి ఈసారి నల్ల రంగు పలచగా పూయమను. కాగితం మధ్యలో అద్దించమను, అంచులకు దూరంగా. అద్దింది ఇంట్లో దాచి, దానికి నకలు తీయించి పంపమను. అర్థమైందా? నకలే పంపాలి. అసలుది వాళ్ళ చేతికి ఇవ్వొద్దు."

షెల్బీ తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది. "అయిదు వేళ్ళూ వస్తాయా?"

"వస్తాయి."

"నువ్వు మళ్ళీ..."

"నేను ముట్టుకోను," అంది రొవీనా.

హాలు దాటి కుళాయి దగ్గరకు నడిచింది. పసుపు పూసిన కార్డును తడి తగలకుండా పక్క గట్టు మీద పెట్టింది. చొక్కా చేతి మీద ఆవ పసుపు మరక అప్పటికే గట్టిపడి ఉంది. ఆ చేతిని నీళ్ళ కింద పెట్టి, సబ్బు తీసుకుని, కింద ఉన్న బూడిదరంగు కనపడేదాకా రుద్దుతూనే ఉంది.